జీడి మరక

కాశీబుగ్గ పెళ్లివారు ఫోన్ చేసి
"అడ్వాన్సు ఉంచీసుకోండి, పర్లేదు" అన్నారు.
మా ఆయన ఉంచుకోలేదు.
పదిహేను వందలు కవర్లో పెట్టి
పోలీసులకి మందుల చీటీ చూపించి
సైకిలు మీద పోయి ఇచ్చీసి వచ్చాడు.
వాయించని డబ్బు అరగదు, అన్నాడు.
ఆ వైశాఖంలో అలాటి కవర్లు పదకొండు.
డోలు పోలారావు తన వాటా
అప్పటికే బియ్యం చేసీసుకున్నాడు.
అదీ మా ఆయనే కట్టాడు,
ఒక్క మాటా అనలేదు.
అననందుకే కాబోలు
పోలారావు మా వీధికి రావడం మానీశాడు.

పలాసలో రైళ్లు లేని రాత్రులు ఎలా ఉంటాయో
నాకు అంతకు ముందు తెలీదు.
వీధి చివర కుక్క గోక్కుంటే వినిపించేది.
ఆయన మేలుకునుండీవాడు.
పొగాకు డబ్బాలోంచి జీవాళీలు
ఒక్కొక్కటీ తీసి, నాలుక మీద తడిపి, చూసి,
మళ్లీ డబ్బాలో పెట్టీవాడు.
ఊదీవాడు కాదు.
ఒకసారి ఊదితే ఎదురింటి టీచరమ్మ
కిటికీ మూసి, లోపల్నుంచే అంది:
"గొట్టంలోంచి తుంపర్లొస్తాయి తవిటయ్యా, ఏటనుకోకు."
ఆవిడ కూతురి పెళ్లికి మూడు రోజులు ఊదాడు.
ఏటీ అనుకోలేదు.
సన్నాయికి గుడ్డ సంచి తొడిగి మేకుకి తగిలించాడు.
నేను మాస్కులు కుట్టగా మిగిలిన గుడ్డ అది.

జీడి బట్టీలు తెరిచాక నా వెంట తీసుకెళ్లాను.
నాకు అక్కడ పద్నాలుగేళ్లు.
పిక్క పగిలితే సొన చిమ్ముతుంది,
బూడిద రాసుకో, కళ్లు రుద్దుకోకు,
చెప్పాల్సినవన్నీ చెప్పాను.
మొదటి రోజు ఆది తాళంలో కొట్టాడు.
ఆడాళ్లం పడీ పడీ నవ్వాం.
ఆది తాళంలో కొడితే
సాయంత్రానికి నాలుగు కేజీలు దాటదు.
మేస్త్రీ వచ్చి అరిచాడు:
"మేళం కాదురా ఇది!"
తరవాత ఆయన తాళం వదిలీశాడు,
గబగబా కొట్టడం నేర్చుకున్నాడు.
నేను నవ్వడం మానీశాను.

మూడో వారానికి వేళ్ల కొసలు నల్లబడి
పొరలు పొరలుగా లేచిపోయాయి.
ఆ రాత్రి మేకు మీంచి సన్నాయి దింపి
ఊదకుండా, ఊరికే వేళ్లు పెట్టి చూశాడు.
"తెలీటం లేదే," అన్నాడు,
"ఎక్కడ చెక్క, ఎక్కడ బొక్క,
ఏటీ తెలీటం లేదు."
నేను కొబ్బరినూనె తెచ్చాను.
ఇంకేటి తెస్తాను?

శ్రావణంలో వెనక వీధిలో పెళ్లి.
ఇరవై మందికే పర్మిషను, మేళానికి లేదు.
పెన్ డ్రైవు పెట్టీశారు.
అన్నం ముందు కూచున్న మనిషి
ముద్ద ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.
"అది నేనే," అన్నాడు.
నాకు ఆనందభైరవీ తెలీదు, మరోటీ తెలీదు,
కానీ ఊపిరి తీసుకునీ చోటు తెలుసు,
ఇరవయ్యేళ్లు పక్కన పడుకున్నదాన్ని.
ఎవరి పెళ్లిలోనో ఎవరో ఫోన్లో పట్టిన మేళం
ఎన్ని చేతులు మారిందో ఏటో,
మా వెనక వీధికొచ్చి
కూలి అడక్కుండా వాయిస్తోంది.

కోపమొస్తుందనుకున్నాను.
ఎడం చేత్తో ఫోను తీసి పోలారావుకి కలిపాడు.
మాట్లాడలేదు.
కిటికీ ఊచల్లోంచి ఫోను బైటికి పెట్టి పట్టుకున్నాడు.
గట్టిమేళం మొదలైంది,
డోలు అర అక్షరం ముందే దూకింది,
ఎప్పటిలాగే.
అయిపోయాక చెవి దగ్గర పెట్టుకున్నాడు.
పోలారావు గొంతు నాకూ వినిపించింది:
"తొందర పడిపోయాను కదా, బావా."
ఈయన "ఊఁ" అన్నాడు.
చాలాసేపు ఇద్దరూ ఫోను పెట్టలేదు.
కూర చల్లారిపోయింది.

మర్నాడు బట్టీలో
నేను చెప్పకుండానే బూడిద గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.
ఒక్కో వేలికీ, కొసన, గోరు చుట్టూ,
మేస్త్రీ చూస్తున్నా సరే, నిదానంగా
ఏడు వేళ్లకి రాశాడు.
మిగతా మూడూ
పిక్కలకి వదిలీశాడు.